మోకా మీద చూడని తుపాకి

కొత్త జిల్లాలు ఏర్పడి ఏడాది దాటిన చలికాలానికి, మక్తల్‌కు దక్షిణాన ఉన్న ఒక చిన్న మండలంలో రెవెన్యూ ఇన్‌స్పెక్టర్‌గా చేరి కొన్నేళ్లయింది. మండలం పేరు రాయను. అక్కడివాళ్లు ఇంకా నాతో మాట్లాడుతున్నారు, ఆ మాటలు అలాగే సాగాలని నా కోరిక. ఆర్డరులో హోదా ఏదైనా, మా వైపు ఆ కుర్చీలో కూర్చున్నవాణ్ని నిజాం కాలం నుంచి గిర్దావర్ అనే పిలుస్తారు. ఊళ్లలోని వీఆర్వోలకు పైన, తహసీల్దారుకు కింద. తహసీల్దారు సంతకం పెట్టే ప్రతి క్షేత్ర నివేదికకూ కాళ్లు గిర్దావరువే. ఆ కాళ్లు కదిలాయా లేదా అన్నది మాత్రం కాగితం చెప్పదు.

ఈ సంగతి తుపాకీ లైసెన్సుల గురించి. తెలియనివారి కోసం రెండు మాటలు. ఆయుధాల చట్టం కేంద్రానిదే అయినా జిల్లాలో దాన్ని నడిపేది కలెక్టరు. మీట నొక్కి పట్టుకుంటే వరసపెట్టి పేలే రకాలు నిషిద్ధ జాబితాలో ఉంటాయి, వాటి జోలికి కలెక్టరు కూడా పోలేడు. ఆ కింద పిస్తోళ్లు, రైఫిళ్లు. వాటిని అడిగేవాళ్లు ఇస్త్రీ బట్టల్లో కారు దిగి వస్తారు. అన్నిటికన్నా కింది మెట్టు మీద ఉండేది పంట రక్షణ లైసెన్సు. దానికి దొరికేది భర్మార్. గొట్టం మూతిలోంచి మందూ, గుడ్డపీలికలూ, సీసపు గుండ్లూ కూరి, ఒక్కసారి పేల్చి, మళ్లీ మొదటి నుంచి కూరుకోవలసిన తుపాకి. రెండోసారి కూరేలోపు అడవిపంది ఇంటికి పోయి పెళ్లాం పిల్లలకు చెప్పి వస్తుందని నేను హోటల్లో చెబుతుండేవాణ్ని.

అలాంటివి చాలా చెప్పేవాణ్ని. వాగు దగ్గర బస్సెక్కిన పందికి కండక్టరు అర టికెట్టు కొట్టాడన్నది మండలంలో బాగా తిరిగిన కథ. టికెట్టు రంగు ఏమిటని అడిగినవాళ్లు కూడా ఉన్నారు. నేను ఆ రంగు కూడా చెప్పాను.

భర్మార్ లైసెన్సు రెన్యువల్‌కు వచ్చినప్పుడు రెండు నివేదికలు కావాలి. ఒకటి పోలీసులది, లైసెన్సుదారు నడవడి గురించి. రెండోది తహసీల్దారుది. భూమి అతని పేరున ఉందా, పంట ఉందా, అడవి జంతువుల బెడద నిజమేనా, తుపాకి అతని స్వాధీనంలోనే ఉందా అని. ఇందుకోసం గిర్దావరు మోకా మీదికి, అంటే ఆ జాగాకే స్వయంగా వెళ్లి, తుపాకి చేతిలోకి తీసుకుని, గొట్టం మీద చెక్కిన నంబరు లైసెన్సు పుస్తకంలోని నంబరుతో సరిచూసి, ఇద్దరు పంచుల ఎదుట పంచనామా రాయాలి. పంచులంటే సాక్షులు, ఆ ఊరివాళ్లే అయి ఉండాలి.

మా పంచులు మాత్రం ఆఫీసు ఎదురుగా ఉండేవాళ్లు. ఒకరు చాయ్ హోటలు ఇస్మాయిల్ భాయ్, రెండోవాడు పక్కన పంక్చర్లు వేసే బీరప్ప. పొయ్యి ముందు నుంచి లేవకుండానే మండలంలోని ప్రతి చెలకనూ, ప్రతి బోరునూ, కూలిన ప్రతి గోడనూ కళ్లారా చూసినవాడు ఇస్మాయిల్ భాయ్. నాకన్నా ముందున్న గిర్దావర్లు అలవాటు చేసిన పద్ధతి అది. నేను దాన్ని మార్చలేదు సరికదా, కొంచెం అందంగా చేశాను. నా పంచనామాల్లో పందులు మందలు మందలుగా వచ్చేవి, కాలిగుర్తుల లోతు వేళ్లతో కొలిచి ఉండేది. పై ఆఫీసులో వాటిని ఒకరికొకరు చదివి వినిపించుకునేవారని తర్వాత తెలిసింది.

ఆ చలికాలం కలెక్టరేటు నుంచి తాఖీదు వచ్చింది. జిల్లాలు విడిపోవడంతో లైసెన్సుల రిజిస్టర్లు మళ్లీ రాస్తున్నారు, పెండింగు రెన్యువళ్లన్నీ ఫలానా మీటింగు నాటికి తేవాలి. నా వాటాలో చివరిగా మిగిలింది తిమ్మప్ప ఫైలు. వాగు అవతలి ఊరు, అరవై దాటిన మనిషి, తండ్రి నుంచి వచ్చిన భర్మార్. వాగు మీది కాజ్‌వే కొట్టుకుపోయి ఉండటంతో జీపు చుట్టూ తిరిగి పోవాలి. మీటింగు పది గంటలకు. అందుకని వాగు నడిచి దాటి మొదటి ఆటోలో లైసెన్సు పుస్తకం పట్టుకుని రమ్మని ముందురోజే కబురు పెట్టాను.

తిమ్మప్ప పొద్దున ఏడు గంటలకు హోటల్ బల్ల మీద నా ఎదురుగా కూర్చున్నాడు, తలకు మఫ్లరు చుట్టుకుని.

"తుపాకి తేనా సారూ అనడిగితే వీఆర్వో సారు వద్దన్నడు. ఆటోల తుపాకి వట్టుకొస్తే జనం దిగి ఉరుకుతరని," అన్నాడు.

"ఎక్కడుంది తుపాకి?"

"యాడుంటది. మంచె మీదనే."

ఆ జవాబు దగ్గర నేను ఆగాల్సింది. మంచె మీద అంటే ఎవరి చేతిలో అని అడగాల్సింది. అడగలేదు, ఎందుకంటే జవాబు నాకు తెలుసు. ఆ వైపు ఊళ్లలో లైసెన్సు ఒక్కరి పేరున ఉంటుంది, తుపాకి మాత్రం బోరు నీళ్లలాగా వంతులవారీగా తిరుగుతుంది. నాలుగైదు చేలవాళ్లు కలిసి మందు కొంటారు. ఎవరి కావలి వంతు వస్తే ఆ పూట వాళ్ల చేతిలో భర్మార్. లైసెన్సు షరతుల్లో ఇతరులకు ఇవ్వరాదని స్పష్టంగా ఉంది. ఊరి దృష్టిలో అది ఇవ్వడం కాదు. వంతు, అంతే.

నేను లైసెన్సు పుస్తకంలోని నంబరు చూసి పంచనామా రాశాను. 'ఈ రోజు ఉదయం ఏడు గంటలకు మోకా మీద హాజరై, లైసెన్సుదారు స్వగృహమున ఆయన సమక్షములో ఆయుధమును పరిశీలించి, నంబరు సరిపోల్చుకొనడమైనది.' వేరుశనగ చేను చుట్టూ పంది గుర్తులు కూడా వేశాను. ఇస్మాయిల్ భాయ్, బీరప్ప చేతులు తుడుచుకుని సంతకాలు పెట్టారు. తిమ్మప్ప వేలిముద్ర వేశాడు. ఆ కాగితంలో టైము నిజం, మనుషులు నిజం, మిగతాదంతా అబద్ధం.

సరిగ్గా అదే వేళకు, వాగు అవతల మంచు ఇంకా విడవని కందిచేలో, ఆ భర్మార్ పేలింది.

మీటింగు నుంచి సాయంత్రం తిరిగి వచ్చేసరికి ఇస్మాయిల్ భాయ్ హోటల్ ముందు నిలబడి ఉన్నాడు. చాయ్ పొయ్యలేదు. "సాబ్, మనం పొద్దున చూసిన తుపాకి మనిషిని కొట్టింది," అన్నాడు.

కందిచేను గట్టున మేకలకు గడ్డి కోస్తున్న మరియమ్మ అనే కూలి మనిషికి గుండ్లు తగిలాయి. భుజంలో కొన్ని, ఎడమ కంట్లో ఒకటి. ప్రాణం దక్కింది, కన్ను దక్కలేదు. ఆమెను మహబూబ్‌నగర్ దవాఖానకు తీసుకుపోయారు. ఎస్సై ఊరికి వెళ్లి తుపాకి స్వాధీనం చేసుకున్నాడు. పేల్చింది ఎవరని అడిగితే, ఆటో దిగి ఇల్లు చేరిన తిమ్మప్ప తానేనన్నాడు. ఊరు కూడా అదే అంది.

మర్నాడు ఎస్సై మా ఆఫీసుకు మనిషిని పంపి రెన్యువల్ పంచనామా నకలు తెప్పించుకున్నాడు. అది చదివి సంతోషించి ఉంటాడు. ఏడు గంటలకు తుపాకి తిమ్మప్ప ఇంట్లో, తిమ్మప్ప చేతిలో ఉందని ప్రభుత్వమే రాసిచ్చింది. ఇంటికీ కందిచేనుకూ మధ్య దూరం పెద్దది కాదు. ముద్దాయి ఒప్పుకున్నాడు, గిర్దావరు బలపరిచాడు. రెండు రోజుల్లో రిమాండుకు పంపుతామని కబురు చేశాడు.

ఇక్కడ నేను ఏమనుకున్నానో దాచకుండా రాస్తాను. మంచిదే జరిగింది అనుకున్నాను. ముసలాయన తానే ఒప్పుకున్నాడు, నా కాగితానికి ఎవరూ అడ్డం తిరగరు. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

లైసెన్సుదారు తుపాకితో ఎవరైనా గాయపడితే లైసెన్సును వెంటనే సస్పెండు చేయడానికి కలెక్టరుకు నివేదిక పోవాలి. అందుకు తహసీల్దారు దవాఖానకు వెళ్లి గాయపడ్డ మనిషి మాట తీసుకోవాలి. మా తహసీల్దారు వయసులో నాకన్నా చిన్నది, పనిలో గట్టిది. నన్ను వెంటబెట్టుకుని వెళ్లింది, రాయడానికి.

మరియమ్మకు నలభై ఐదు దాకా ఉంటాయి. తలకూ కంటికీ కట్టు. తల దగ్గర కిటికీలో బైబిలు, దాని మీద అరటిపండు. మేడం అడిగింది, ఏం జరిగిందమ్మా అని.

"నేను గడ్డి కోస్తున్న. కొట్టింది నర్సింలు. సూసిన నేను. తుపాకి పారేసి ఉరికొచ్చి నన్ను ఎత్తుకున్నది గూడ గాడే. 'అత్తా, పంది అనుకున్న' అని ఏడ్సుకుంట రోడ్డు దాంక మోసిండు."

నర్సింలు పక్క చేను కౌలుదారు. ఆ పొద్దు వంతు అతనిది.

"కానీ తిమ్మప్ప తానే పేల్చానంటున్నాడు కదా," అంది మేడం. "మీకు మంచులో సరిగ్గా కనబడిందో లేదో. ఆ టైముకు తుపాకి తిమ్మప్ప ఇంట్లో ఉన్నట్టు మా గిర్దావరు గారే చూశారు."

మరియమ్మ మొహం మెల్లగా నా వైపు తిప్పింది. మొహమంతా తిప్పితేగాని ఆ మిగిలిన కంటికి నేను కనబడను.

"సారూ, నువ్వు సూసినవా?"

నేను కాగితం వైపు చూశాను.

"నాకాడికి ఊరోళ్లొచ్చి చెప్పిన్రు," అంది ఆమె. "తిమ్మప్ప పెద్దమనిషి, పోతే పోనీ, నర్సింలు పిల్లలు చిన్నోళ్లు, నువ్వు ఏమనకు అన్నరు. నర్సింలు మీద నాకు పగ లేదు సారు. జైలుకు తోలుండ్రని నేను అడుగుతలేను. గని కన్ను నాది. తీసినోని పేరు కాయితంల వేరేటోనిది రాస్తే, రేపు నేను ఎవ్వని మొకం సూసి నడవాలె? తిమ్మప్ప ముంగటికెళ్లి పోతుంటే గాయిన తలకాయ దించుకోవాలె, ఏం చెయ్యకున్నా. నర్సింలు ఎత్తుకుని తిరుగుతడు. గది నాయమా?"

మేడం ఆమె మాటలు ఉన్నదున్నట్టు రాయమంది. రాశాను. నా చేతిరాతలో ఒకే ఫైల్లో రెండు కాగితాలయ్యాయి. ఒకటి కన్ను పోయిన మనిషి చూసింది, ఇంకోటి రెండు కళ్లూ ఉన్నవాడు చూడనిది.

తిరుగు దారిలో దేవరకద్ర దాటాక జీపులోనే చెప్పాను. మేడం, నేను ఆ ఊరికి పోలేదు, ఏడు గంటలకు తిమ్మప్ప నా ఎదురుగా హోటల్లో కూర్చున్నాడు, తుపాకి నేను చూడలేదు అని.

ఆమె ఒళ్లోని ఫైలు మూసింది. తర్వాత అంది, "గిర్దావర్ గారూ, ముసలాయన మీద జాలి ఉంటే ఉండొచ్చు. కానీ ఇది కూడా అర టికెట్టు పందేనా?"

డ్రైవరు నవ్వాపుకున్నాడు. నా ఉద్యోగంలో నన్ను ఎవరైనా అంత సూటిగా కొట్టింది అదొక్కసారే. ఇన్నేళ్లుగా అబద్ధాలు చెబితే చాయ్ తాగిస్తూ విన్నవాళ్లు, మొదటిసారి నిజం చెబితే సాక్ష్యం అడిగారు. ఇస్మాయిల్ భాయ్‌ని పిలుద్దామా అన్నాను. ఆయన ఇప్పటికి సంతకాలు పెట్టిన చోట్లన్నీ తిరిగి రావాలంటే మనిషి హజ్ యాత్ర రెండుసార్లు చేసినంత అవుతుంది, ఆయన మాట ఎవరు నమ్ముతారు అంది మేడం. ఆమెకూ హాస్యం వచ్చని ఆ రోజే తెలిసింది, కాని నాకు నవ్వు రాలేదు.

అప్పుడు నాకు నంబరు గుర్తొచ్చింది.

లైసెన్సు పుస్తకాలు అనేకసార్లు చేతులు మారి, రాసి, తిరగరాసి వచ్చినవి. పాత పుస్తకాల్లో మూడూ ఎనిమిదీ ఒకదానికొకటి కలిసిపోవడం లైసెన్సుల సెక్షనులో పనిచేసిన ప్రతివాడికీ తెలుసు. నంబరు సరిచూడమన్నది అందుకే. పుస్తకంలో ఉన్నది నేను రాశాను. గొట్టం మీద ఉన్నది ఎస్సై స్వాధీన పంచనామాలో రాసి ఉంటాడు, ఎందుకంటే తుపాకి ఆయన చేతిలో ఉంది. రెండూ ఒకటే అయితే నాకు సాక్ష్యం లేదు. వేరైతే ఉంది. జీపును నేరుగా స్టేషనుకే పోనిమ్మన్నాను.

ఎస్సై తుపాకి తెప్పించాడు. కుంకుడుకాయ రంగు పిడి, మసిపట్టిన గొట్టం. ఆ తుపాకిని నేను చూడటం అదే మొదటిసారి, నా కాగితం లెక్కన రెండోసారి. కానిస్టేబులు కిరసనాయిలు గుడ్డతో తుడిచాడు. నా పంచనామాలో చివరి అంకె మూడు. గొట్టం మీద ఎనిమిది, లోతుగా చెక్కి ఉంది. ఎస్సై కాగితంలోనూ ఎనిమిదే. ఒకే ఫైలులో రెండు నంబర్లు రెండు రోజులుగా పక్కపక్కన ఉన్నా ఎవరూ కలిపి చూడలేదు.

"తుపాకి చేతిలో పట్టుకున్నవాడు ఇది మూడని రాయడు," అన్నాను. "నేను పట్టుకోలేదు. పోలేదు. కనుక ఆ ఇంట్లో తిమ్మప్పను కూడా చూడలేదు. ఆయన నా దగ్గరే ఉన్నాడు. ఆటో నడిపినాయన్ను అడగండి."

మేడం రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి సరిచూసింది. నా వైపు చూడలేదు.

తిమ్మప్పను లోపలి నుంచి పిలిపించారు. సంగతి విని నా మీద కోపం చేశాడు.

"నీకేం పొయ్యేకాలమొచ్చింది సారూ. కాయితం నా పేరు మీదున్నది, తుపాకి నాది, తప్పు గూడ నాదే అయితది. నేను పెద్దోన్ని, రెండు నెలలు లోపలుండొస్తె ఏమైతది? నీ నౌకరి వోతది, నర్సింలు పిల్లలు ఆగమైతరు. గిప్పుడు ఎవలికి లాభమొచ్చింది?"

మరియమ్మ ఏమందో చెప్పాను. నన్నేమడిగిందో కూడా చెప్పాను.

తిమ్మప్ప మఫ్లరు విప్పి ఒళ్లో పెట్టుకున్నాడు.

"మా మరియమ్మ గట్లన్నదా?"

అన్నదన్నాను.

"నా తలకాయ గురించి గామె అడుగుతదనుకోలె," అన్నాడు. ఎస్సై వైపు తిరిగి, "రాసుకో సారు. గా పొద్దు వంతు నర్సింలుది. మంచె మీద తుపాకి వెట్టి పోయింది నేను. పోయింది గీ సారు పిలిస్తె," అన్నాడు.

ఆ సాయంత్రం నర్సింలు తనంతట తానే నడిచి వచ్చాడు. ఎవరూ తీసుకురాలేదు.

తర్వాతివి క్లుప్తంగా చెబుతాను. నర్సింలు మీద కేసు నడిచింది. తిమ్మప్ప మీద గాయపరిచిన కేసు పోయి, షరతులు ఉల్లంఘించి తుపాకి వేరొకరికి ఇచ్చిన కేసు మిగిలింది. లైసెన్సు రద్దయింది. తండ్రి భర్మార్‌ను ప్రభుత్వానికి వదులుకున్నట్టు స్టేషనులో రాసిచ్చిన రోజు తిమ్మప్ప పిడి మీద చెయ్యి వేసి కొంచెం సేపు నిలబడి, రసీదు తీసుకుని వెళ్లిపోయాడు. నేను సస్పెండయ్యాను. విచారణ అయ్యాక నా ఇంక్రిమెంట్లలో కోత పడింది. నా చేతిమీదుగా పోయిన పంట రక్షణ నివేదికలన్నీ మళ్లీ మోకా మీద చూడాలని తహసీల్దారు ఉత్తర్వు ఇచ్చింది. చూశారు. కొన్ని తుపాకులు ఇళ్లలో ఉన్నాయి, కొన్ని మంచెల మీద, ఒకటి పొరుగు ఊళ్లో పెళ్లి చూడటానికి వెళ్లి ఉంది. మంచెల మీదివన్నీ స్టేషనుకు చేరాయి. ఇస్మాయిల్ భాయ్ మళ్లీ ఏ పంచనామాలోనూ సంతకం పెట్టలేదు. పెట్టమని అడిగేవాళ్లు కూడా లేకుండాపోయారు.

పందులు మాత్రం వచ్చాయి. ఆ యాసంగిలో తిమ్మప్ప వేరుశనగ సగం పోయింది. చట్టం పక్షాన రాస్తున్నాను కనుక దాన్ని దాచడం న్యాయం కాదు. కలెక్టరేటులో ఎవరూ దానికి జవాబు చెప్పలేదు, నా దగ్గరా లేదు. ఆ తర్వాత ఆ చేలవాళ్లు సోలారు కంచె వేసుకున్నారు, వంతులవారీగానే.

సస్పెన్షన్ ఎత్తేశాక నన్ను జిల్లా ఆఫీసులో ఆయుధాల లైసెన్సులు చూసే సెక్షనుకే వేశారు. శిక్షో, నమ్మకమో చెప్పలేదు. అక్కడ ఉన్నన్నాళ్లు, స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకునే దాకా, ఒక పద్ధతి పెట్టాను. మోటారు బళ్ల చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలు రుద్దుతారు చూడండి, అలాగే ప్రతి భర్మార్ గొట్టం మీది నంబరు అచ్చు తీసి నివేదికకు అంటించాలి. లేకపోతే ఫైలు తీసుకునేవాణ్ని కాను. గిర్దావర్లు తిట్టుకున్నారు. నా ముందే ఒకడు, పందికి టికెట్టు ఇప్పించినాయన మమ్మల్ని నమ్మడట అన్నాడు. నిజమే, నమ్మేవాణ్ని కాను. నేను ఏం చేశానో నాకు తెలుసు.

ఈ వ్యవహారం నాకు నేర్పింది ఒక్కటే. తుపాకి లైసెన్సు అంటే ఆయుధం ఎవరి పేరున ఉందన్నది కాదు, ఎవరి చేతిలో ఉందన్నది. ఆ సంగతి తెలుసుకోవడానికి చూసి రావడం తప్ప ప్రభుత్వం దగ్గర వేరే ఉపాయం లేదు. పెన్సిలు అచ్చుకు నైపుణ్యం అక్కర్లేదు, అందమైన భాష అక్కర్లేదు. హోటల్లో కూర్చుంటే మాత్రం రాదు.